మామ నిలిపేసిన ముప్పేట జంఖానా

మొన్న గోనెగండ్లలో ఒక పెండ్లికి పోయాను. చప్పరం కింద ఆడవాళ్లకు జంఖానా పరిచారు. కూర్చోబోతూ నాకు తెలియకుండానే వంగి, దాని మూల తిప్పి చూశాను. పక్కనున్న ఆమె "ఏమ్మా, తేలా?" అంటూ ఎగిరి లేచింది. కాదు కాదని నవ్వి కూర్చోబెట్టాను గాని, ఆ తర్వాత తాళి కట్టేదాకా నా మనసు పెండ్లి మీద లేదు.

జంఖానా మూల తిప్పి చూడడం మా మామ అలవాటు. ఎవరింటికి పోయినా కూర్చోకముందు వంగి, మూల పట్టుకుని, వెనక వైపు బొటనవేలి గోటితో గీరి చూసేవాడు. ఆ తర్వాతే కూర్చునేవాడు. చావు పరామర్శకు పోయినా అంతే. మామ పోయి ఇంకా ఏడాది తిరగలేదు. ఆ పాడలవాటు మాత్రం నాకు అంటించి పోయాడు.

ఆయన మా అమ్మకు అన్న. మేనరికం కాబట్టి తర్వాత నాకు మామగారు. పిలుపు మారలేదు, చనువూ తగ్గలేదు. నేను కాపురానికి వచ్చేనాటికే అత్త పోయింది. ఇల్లు నా చేతికి వచ్చింది. ఆదోని బజారులో ముందు అంగడి, వెనక ఇల్లు, మధ్యలో ఒక తలుపు. ఆ తలుపు వెనక కూర్చుని నేను బియ్యం ఏరుకున్నాను, పిల్లలకు పాలిచ్చాను. అంగడిలో జరిగిందంతా విన్నాను.

మామ సన్నగా, పొడుగ్గా, కొంచెం ముందుకు వంగి ఉండేవాడు. నల్ల టోపీ. సాయిబులతో ఉర్దూలో బేరమాడేవాడు, పడమటి నుంచి వచ్చిన వాళ్లతో కన్నడంలో ఇంటి విషయాలు మాట్లాడేవాడు, కోపం వస్తే మాత్రం తెలుగే. కొనడానికి వచ్చినవాడు నిలబడి ఉంటే తాను కూర్చునేవాడు కాదు. "అమ్మినాను" అనే మాట ఆయన నోట ఎన్నడూ వినలేదు. "ఫలానా వాళ్లింటికి మన జంఖానా ఇచ్చినాం" అనేవాడు, పిల్లను ఇచ్చినట్టు.

అది ముప్పేట జంఖానా. మూడు పోగులు కలిపి పేనిన నూలుతో ఎమ్మిగనూరులో ఒకే ఒక్క ఇంట్లో నేసేవాళ్లు. భార్య నూలు పేనేది, భర్త నేసేవాడు. నీలం, ఎరుపు పట్టీలు. ఒక మూల చిన్న ఆకుపచ్చ గీత ఉండేది. అది మా అంగడి గుర్తు. ఆ గీత కనిపిస్తే జనం బేరమాడకుండా చుట్ట కట్టించుకుని పోయేవాళ్లు.

ఎవరైనా సందేహపడితే మామకు పండగే. వీధిలో పోయే ఇద్దరిని పిలిచేవాడు. "అన్నా, ఒక్క నిముషం రాండి. ఇది పట్టుకుని ఆ పక్క నువ్వు, ఈ పక్క నువ్వు గుంజండి. మొగమాటం లేకుండా గుంజండి." పత్తి బండ్లు తోలుకొచ్చిన వాళ్లు, హమాలీలు, ఎవరైతే వాళ్లు గుంజేవాళ్లు. చుట్టూ జనం మూగేవాళ్లు. ఒకసారి ఇద్దరు హమాలీలు పంతానికి పోయారు. ఒకడు అంగడి అరుగు మీద నుంచి వీధిలోకి వెల్లకిలా పడ్డాడు. జంఖానా మాత్రం వాడి చేతిలో అట్లాగే ఉంది. మామ పరుగెత్తి ముందు జంఖానా మూల చూసి, ఆ తర్వాత వాడి నడుము చూశాడు. వాడికి మజ్జిగ తాగించి, తానే కొబ్బరినూనె రాశాడు. ఆ రోజంతా తలుచుకుని తలుచుకుని నవ్వాడు.

ఆ జంఖానాలు కొన్నవాళ్లు మళ్లీ మళ్లీ వచ్చేవాళ్లు, కొనడానికి కాదు. ఎమ్మిగనూరు దారిలో పోతూనో, సంతకు వస్తూనో మామను చూసిపోవడానికి వచ్చేవాళ్లు. "మా నాయన కాలంనాటిది శెట్టీ, ఇంగా అట్లే ఉంది" అని చెప్పేవాళ్లు. మామ జంఖానా క్షేమం అడిగేవాడు. ఎండకు వేస్తున్నారా, ఎలుకలు లేవు కదా అనేవాడు. మజ్జిగ తాగి, సంతోషంగా లేచి, ఎదురంగడికి పోయి మిలమిల మెరిసే పలచటి జంఖానాలు చూసేవాళ్లు. కొత్త అల్లుడి ముందు వేయడానికి కొత్తది కావాలి కదా. మామ దగ్గర కొన్నది పాతబడదు గాని, కొత్తగానూ కనపడదు.

మా ఆయన ఇది చూసి చూసి ఒకరోజు అన్నానికి కూర్చున్నప్పుడు మాట ఎత్తాడు.

"నాయనా, ఇప్పుడు వచ్చి పోయినాయన నాయనకు మన తాత ఇచ్చినాడు. ఈయన కొడుక్కీ అదే సరిపోతాది. ఇంగ మనం ఎవరికి అమ్మల్ల?"

మామ మజ్జిగ పోసుకున్నాడు.

"చెడ్డ సరుకు అమ్మమనడం లేదు నేను. లోకమంతా నేసేటట్టే నేయించమంటాండాను. మూడు పోగులు యాడైనా ఉన్నాయా ఇప్పుడు?"

మా ఆయన మీద నాకేం కోపం లేదు. అవి గడ్డు రోజులు. పత్తి ధర పడిపోయి ఊళ్లో పెద్ద పెద్ద మండీలే మూతపడుతున్నాయి. మా అంగడిలో చుట్టలు చుట్టలుగా పేరుకున్న సరుకు మీద నేనే రోజూ దుమ్ము దులిపేదాన్ని. ఇంట్లో పెండ్లి కావలసిన మరుదులు ఉన్నారు. ఆయన అన్నదాంట్లో అబద్ధం ఏముంది?

మామ చాలా రోజులు ఊగిసలాడాడు. చివరికి ఎమ్మిగనూరు నుంచి నేసే ఆయనను పిలిపించాడు. ఆయన మామకన్నా పెద్దవాడు, మెల్లగా మాట్లాడే మనిషి. మా వెనక వసారాలో కూర్చున్నాడు. నేను మజ్జిగ పెట్టి పక్కనే తిరగలి దగ్గర ఉన్నాను.

"ఇంగమీద ఒంటిపోగు చాలప్పా. రంగులు కొంచెం మెరిసేటివి వెయ్యి" అన్నాడు మామ.

"అట్లే నేస్తా" అన్నాడాయన. కొంచెంసేపు గ్లాసు వైపు చూసి, "ఆకుపచ్చ గీత వెయ్యల్నా, వద్దా?" అని అడిగాడు.

మామ గోడ వైపు చూశాడు. తలపాగా సర్దుకున్నట్టు, లేని తలపాగా కోసం చెయ్యి పైకి పోయి టోపీకి తగిలింది. "వెయ్యి" అన్నాడు.

అంతే. ఆ ఒక్క మాట మామ జీవితంలోకెల్లా పెద్ద మాట అయిందని నాకు అప్పుడు తెలియలేదు. తిరగలి తిప్పుకుంటూ ఉన్నాను.

కొత్త సరుకు వచ్చింది. బాగా పోయింది. దుమ్ము దులిపే పని తప్పింది. కానీ మామ వీధిలో వాళ్లను పిలవడం మానేశాడు. ఎవరైనా "గుంజి సూపించు శెట్టీ" అని నవ్వుతూ అడిగితే, "చెయ్యి నొప్పిగా ఉందప్పా" అనేవాడు. గుంజేది ఆయన కాదు కదా, ఆయన చెయ్యి నొప్పితో ఏం పని? ఎవరూ ఆ మాట అడగలేదు. పాత ముప్పేట ఎందుకు రావడం లేదని అడిగితే, "నూలు దొరకడం లేదు" అనేవాడు. అప్పట్లో నూలుకేం కరువు లేదు.

అట్లా కొంతకాలం పోయాక ఆస్పరి నుంచి ఒక రైతు వచ్చాడు. ఆయన ఇంట్లో మా పాత జంఖానా ఉంది. ఆ నమ్మకంతో, ఊరి భజన కోసమని, ఊరంతా కలిసి డబ్బు పోగుచేసి ఇస్తే మా దగ్గర పెద్ద జంఖానా ఒకటి పట్టుకుపోయాడు. ఇప్పుడు దాన్నే భుజాన వేసుకుని వచ్చాడు. అంగట్లో పరిచాడు. తలుపు సందులోంచి నాకు కనిపించింది. నడిమధ్య పోగులు విడిపోయి, కింద నేల కనిపిస్తోంది. రంగు కారి ఎరుపు నీలంలోకి పాకింది.

మామ లేచి నిలబడ్డాడు. తిట్టించుకోవడానికి సిద్ధపడ్డవాడిలా చేతులు రెండూ వదిలేసి నిలబడ్డాడు.

రైతు తిట్టలేదు. దగ్గరికొచ్చి మెల్లగా అన్నాడు. "శెట్టీ, నేను తగవుకు రాలేదు. నీకు తెలవాలని తెచ్చినా. ఆ ఎమ్మిగనూరు ఆయప్ప నిన్ను మోసం చేస్తాండాడు. నీ గుర్తు ఏసి, దొంగ నూలు నేసి నీకు అంటగడతాండాడు. నువ్వు నమ్మినావు గదా, సూసుకోలేదు."

నేను తలుపు పట్టుకుని నిలబడిపోయాను. మామ ఏదో ఒకటి చెబుతాడని ఎదురుచూశాను. ఆయన ఆ చిరుగు వైపే చూస్తున్నాడు. పెదవులు కదిలాయి.

"అట్లనే ఉంది" అన్నాడు.

తర్వాత గబగబా ఇంట్లోకి వచ్చాడు. మా ఇంట్లో మేము వాడుకునే ముప్పేట జంఖానా దులిపి, చుట్టి, తీసుకుపోయి రైతు చేతిలో పెట్టాడు. డబ్బు మాట ఎత్తనివ్వలేదు. రైతు కళ్లనీళ్లు పెట్టుకున్నాడు. "నీలాంటోడు ఈ బజార్లో ఇంగొకడు లేడప్పా" అని, మామ చేతులు కళ్లకద్దుకుని పోయాడు.

మంచివాడి మాట ఎంత దూరం పోతుందో అప్పుడు చూశాను. ఆ రైతు సంతలో చెప్పాడు, బండి విప్పిన ప్రతిచోటా చెప్పాడు. ఆదోని శెట్టి ఎంత గొప్పవాడో చెప్పాడు, ఎమ్మిగనూరు నేతగాడు ఎంత దొంగో చెప్పాడు. మా అంగడికి గిరాకీ పెరిగింది. ఎమ్మిగనూరులో ఆ ఇంటికి మిగతా వర్తకులు పని ఇవ్వడం మానేశారు.

ఒక పొద్దున ఆ నేసే ఆయన నడుచుకుంటూ వచ్చాడు. లోపలికి రమ్మంటే రాలేదు. గడప అవతలే నిలబడ్డాడు.

"శెట్టీ, నువ్వు సెప్పిందే నేను నేసినా."

"అవునప్పా."

"నీ నోటితో ఆ మాట నలుగురికి సెప్పు. ఇంగేమీ అడగను."

"చెప్తా, పో. నేను చెప్తా" అన్నాడు మామ.

చెబుతాడనే నేనూ అనుకున్నాను. చెప్తాననే మామ కూడా అనుకున్నాడేమో. సంత రోజు వస్తే, ఈసారి చెప్తా అనేవాడు. జనం ఎక్కువ ఉంటే ఇంత మందిలో ఎట్లా అని ఆగేవాడు, తక్కువ ఉంటే ఇంత తక్కువ మందికి చెప్పి ఏం లాభం అని ఆగేవాడు. అన్నం తగ్గింది. పిలిస్తే ఉలిక్కిపడేవాడు. చివరికి ఒకరోజు తెగించి, ముందు ఆ నేసే ఆయన దగ్గరికి పోయి, ఆయన్నే తోడు తెచ్చుకుని మరీ చెప్తానని బండి కట్టించుకుని ఎమ్మిగనూరు పోయాడు. పోయినంత వేగంగానే తిరిగొచ్చాడు. మగ్గం గుంట మన్నుతో పూడ్చి ఉందట. ఇల్లు ఎవరికో ఇచ్చి, ఆలుమగలిద్దరూ రైలెక్కి షోలాపురం మిల్లులకు పోయారట. ఒంటిపోగు నేసేవాళ్లకు కొదవ లేదు, మా అంగడికి సరుకు వస్తూనే ఉంది.

ఆ శ్రావణంలో ఉరుకుంద తిరునాలకు అందరం పోయాం. స్వామి దర్శనం అయ్యాక బండ్ల మధ్య వంట చేసుకుంటున్నాం. నాలుగు బండ్ల అవతల ఆ ఆస్పరి రైతు తన ఊరివాళ్లతో కనిపించాడు. మామ లేచాడు. నన్ను కూడా రమ్మన్నాడు. "ఒక్కణ్ణే పోతే మళ్లీ మింగేస్తానేమో, నువ్వు పక్కనుండు అమ్మీ" అన్నాడు.

అందరి మధ్యా నిలబడి గట్టిగానే చెప్పాడు. "అప్పా, ఆ నేసినాయన తప్పు ఏమీ లేదు. ఒంటిపోగు నేయమన్నది నేను. గీత వేయమన్నదీ నేనే. నువ్వు ఆ పొద్దు నా దగ్గరికి వస్తే నేను నోరు మూసుకున్నా. దొంగను నేను."

రైతు కాసేపు మామ ముఖంలోకి చూశాడు.  తర్వాత ఆయన తన వాళ్ల వైపు తిరిగాడు. 

"సూసినారా? ఈయప్ప గురించి నేను సెప్పినా గదా? కడుపు కొట్టినోణ్ణి కాపాడనీకె తన మీద ఏసుకుంటాండాడు. ఇట్లాంటి మనిషి ఉంటాడా?"

"లేదప్పా, నిజంగానే..." అని మామ అంటుండగానే ఒక ముసలామె వచ్చి ఆయన కాళ్లకు దండం పెట్టింది. చుట్టూ ఉన్నవాళ్లు చేతులు జోడించారు. ఎవరో కొబ్బరి చిప్ప చేతిలో పెట్టారు. మామ ఆ చిప్ప పట్టుకుని నిలబడ్డాడు. మళ్లీ నోరు తెరుస్తాడేమోనని చూశాను. తెరవలేదు.

తిరిగి వచ్చేటప్పుడు మామ ఆ చిప్పను ఒళ్లో పెట్టుకుని బండిలో కూర్చున్నాడు. కౌతాళం దాటాక నా వైపు తిరిగి, "నేను చెప్పింది తెలుగులోనే గదా అమ్మీ?" అని అడిగాడు. నవ్వించడానికి అన్నాడో, నిజంగా అడిగాడో తెలియలేదు. అవునన్నాను.

తర్వాత యుద్ధం వచ్చింది. నూలు మీద కంట్రోలు పెట్టారు. ముప్పేట కాదు కదా, ఒంటిపోగుకు కూడా నూలు చాలక ఎమ్మిగనూరులో సగం మగ్గాలు ఆగిపోయాయి. పాత జంఖానా గురించి ఎవరైనా అడిగితే, మా ఆయన "నూలు దొరకడం లేదు" అని చెప్పేవాడు. ఆ మాట వినపడగానే మామ లేచి లోపలికి వచ్చేసేవాడు. "చూడు అమ్మీ, నేనాడిన అబద్ధం నిజమైపోయింది. ఇప్పుడు దాన్ని ఎట్లా వెనక్కి తీసుకోవల్ల?" అన్నాడు ఒకసారి.

ఆ రోజుల్లోనే తెలిసింది, ఆ నేసే ఆయన భార్య కూతురి కాన్పుకు ఎమ్మిగనూరు వచ్చిందని. ఆడమనిషి దగ్గరికి ఒక్కడే పోవడం బాగుండదని మామ నన్ను తోడు తీసుకుపోయాడు. ఆమె కూతురి ఇంటి ముందు చాటలో జొన్నలు చెరుగుతోంది. మమ్మల్ని చూసి లేచి, చాప వేసింది. మామ ఆ చాప మూల తిప్పి చూడలేదు. అట్లాగే కూర్చున్నాడు.

"తిరిగి రాండమ్మా" అన్నాడు. "ఎట్లయినా నూలు తెస్తా. ముప్పేట మళ్లీ మొదలుపెడదాం."

"ఆయన రాడప్పా. ఆడ మిల్లులో ఉండాడు. ఆ మిల్లు గుడ్డ దోమతెర మాదిరి ఉంటాది. అయినా దానికి ఎవురూ ఆయన్ని ఏమీ అనరు. ఆడ ఎవురు నేసినారో ఎవురికీ తెలీదు. అదే నాకు సుకంగా ఉంది అంటాడు."

మామ తల దించుకున్నాడు. ఆమె చాట పక్కన పెట్టింది.

"ఉరుకుందలో సెప్పినావంట. మా దాకా వచ్చింది ఆ మాట."

"చెప్పినా. నమ్మలేదు."

"ఇంగొకసారి సెప్పల్ల అనిపించలేదా?"

"అనిపించింది."

"మరి?"

 లోపల పసిబిడ్డ ఏడ్చి, ఊరుకుంది. అప్పుడు మామ అన్నాడు. "వాళ్లంతా దండం పెడతాంటే... బాగుండింది అమ్మా. ఆ నిముషానికి బాగుండింది."

ఆమె కోపగిస్తుందనుకున్నాను. ఏడుస్తుందేమో అనుకున్నాను. ఆమె మామను కొంచెంసేపు చూసింది, కొత్త మనిషిని చూసినట్టు. "ఇది నిజం" అంది. మళ్లీ చాట ఒళ్లోకి తీసుకుంది. మేము లేచి బయలుదేరుతుంటే నాతో మాత్రం, "ఎండగా ఉంది పాపా, నెత్తిన కొంగు ఏసుకో" అంది.

ఆ రోజు నుంచి మామ అంగడిలో ఎవరొచ్చినా ముందే చెప్పేవాడు. "ఇది చినుగుతాది. బాగా చూసుకుని తీసుకో. మొదట్లో నేసినది ఇది కాదు. మార్పించింది నేను. నేసినాయన తప్పు లేదు." మా ఆయన తల పట్టుకునేవాడు. కానీ ఆయన భయపడినట్టు జరగలేదు. ఇట్లా చెప్పే వర్తకుడిని జనం ఎక్కడా చూడలేదు. ఇంత నిజాయితీపరుడి సరుకు చెడ్డదెట్లా అవుతుందని ఒకటి కొనబోయి రెండు కొనేవాళ్లు.  చివరి రోజుల్లో మామ అంగడిలోకి రావడం మానేసి వసారాలోనే ఉండిపోయాడు. షోలాపురానికి రైలు ఏ వేళకు పోతుందని ఎవరినో ఒకరిని అడిగేవాడు. టిక్కెట్టు కొనడానికి మాత్రం ఎన్నడూ మనిషిని పంపలేదు. ఆయన పోయిన రోజు బజారంతా మూసేశారు. పాడె వెంట నడిచినవాళ్లు దారిపొడుగునా ఉరుకుంద సంగతే చెప్పుకున్నారు.

ఆ పేరు మీదే ఇప్పటికీ మా పొయ్యి వెలుగుతోంది. అది తెలిసే నేను నా పిల్లలకు అన్నం పెడుతున్నాను.

పెండ్లి నుంచి వచ్చిన రెండో రోజు మా ఆయన అన్నానికి లేస్తే నేను అంగట్లో నిలబడ్డాను. ఒక నడివయసు ఆయన, భార్యతో వచ్చి, కొత్త జంఖానాలు తిరగేసి ఒకటి ఏరుకున్నాడు. చుట్ట కడుతుంటే మామను తలుచుకుని, ఆయన త్యాగం గురించి నాకే చెప్పాడు. నేను ఉన్నదున్నట్టు చెప్పాను. మామ త్యాగం ఏమీ చేయలేదని, ఆయన చెప్పిందే నిజమని, నేను పక్కనే ఉన్నానని. ఆయన చేతులు జోడించి విన్నాడు. "పెద్దోళ్ల ఇండ్లల్లో పొగుడుకోరులేమ్మా" అన్నాడు.

ఆయన భార్యకు మాత్రం ఒక సందేహం వచ్చింది. "మా పుట్టింట్లో మీ పాతది ఉందక్కా. మా అవ్వ కాలంది. అంత మంచిది ఎందుకు నిలిపేసినారు?"

"చినగదని" అన్నాను.

ఆమె నా ముఖం చూసి, పైట నోటికి అడ్డం పెట్టుకుని గట్టిగా నవ్వింది. మొగుడూ నవ్వాడు. ఇద్దరూ నవ్వుకుంటూ, ఆ పలచటి జంఖానా చంకన పెట్టుకుని ఎండలోకి దిగిపోయారు.